వెల్ష్ భాషను పాట కాపాడిందా?

వేల్స్‌కు ‘పాటల దేశం’ అని పేరు. రగ్బీ మ్యాచ్‌కు ముందు స్టేడియం మొత్తం ఒక్క గొంతుతో పాడడం టీవీలో చూసినవాళ్లకు ఆ పేరు సబబే అనిపిస్తుంది. దాని వెనకే ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ఇంగ్లిష్ పక్కనే ఉండి కూడా వెల్ష్ భాష బతికి బట్టకట్టిందంటే అది పాట చలవేనని. వినడానికి బాగానే ఉంది. అయితే అక్కడి జానపద గానం చరిత్ర చూస్తే లెక్క చాలాచోట్ల తిరగబడుతుంది. జనం వెల్ష్‌లో మాట్లాడుకున్నన్నాళ్లూ పాట నిలిచింది, మాట ఆగినచోట పాట కూడా ఆగింది. పాట తిరిగి భాషకు సాయం చేసిన కాలం కూడా ఉంది, కానీ అది ఆలస్యంగా, 1960ల తర్వాత వచ్చింది.

ముందు భాష సంగతి. 1536లో ఇంగ్లండ్ రాజు తెచ్చిన చట్టంతో వేల్స్‌లో కోర్టులకూ అధికారానికీ ఇంగ్లిష్ తప్పనిసరైంది. 1847లో ప్రభుత్వ విచారణాధికారులు విద్యపై ఇచ్చిన నివేదిక జనం వెనకబాటుకూ నీతి లేకపోవడానికీ వెల్ష్ భాషే కారణమన్నట్టు తేల్చింది. ఆ అవమానం అక్కడివాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. బొగ్గు గనులు, ఉక్కు పరిశ్రమ పెరిగేకొద్దీ దక్షిణ లోయలకు ఇంగ్లండ్ నుంచి, ఐర్లండ్ నుంచి కూలీలు వచ్చారు. 1911 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు 9 లక్షల 77 వేల మంది, అంటే 43.5 శాతం. 2021కి వాళ్లు 5 లక్షల 38 వేలకు, 17.8 శాతానికి తగ్గారు. ఈ నూట పదేళ్లలో ఏ పాట ఎక్కడ నిలిచిందో, ఎక్కడ పోయిందో చూస్తేనే విషయం అర్థమవుతుంది.

దక్షిణ వేల్స్‌లోని గ్లమోర్గన్ ప్రాంతం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ఒకప్పుడు ఎడ్లతోనే దున్నేవాళ్లు. ఒకరు నాగలి పట్టుకుంటే, ముల్లుగర్ర చేతబట్టిన కుర్రాడొకడు ఎడ్ల ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ పాడేవాడు. పాట సాగినంతసేపూ ఎడ్లు సాగేవి. ఆ పాటలు ఎక్కువగా ‘త్రిబాన్’ అనే చిన్న పద్యాల్లో ఉంటాయి. నాలుగు పాదాలు. మొదటి, రెండో, నాలుగో పాదాలకు అంత్యప్రాస ఒకటే. మూడో పాదం చివరి శబ్దం మాత్రం నాలుగో పాదం నడుమ పలుకుతుంది. యతిప్రాసలు తెలిసిన తెలుగువాళ్లకు ఆ కట్టుబాటులోని సరదా ఇట్టే అర్థమవుతుంది. వాటిలో పక్క ఊరివాళ్లమీద వెటకారం, పిసినారి యజమానిమీద విసురు, ప్రేమ, ఎడ్లకు బుజ్జగింపు అన్నీ ఉంటాయి.

ఈ పాటల్ని రాసిపెట్టినవాళ్లలో యోలో మోర్గానుగ్ ఒకడు. రాతిపనివాడు, కవి, అంతకుమించి సాహిత్య మోసగాడు. పాత కవుల పేర్లతో తానే రాసిన రచనలతో పండితుల్ని ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించాడు. ప్రాచీన సంప్రదాయమని చెప్పి 1792లో లండన్ ప్రిమ్‌రోజ్ హిల్‌మీద ‘గోర్సెద్’ అనే కవుల సభ కూడా పెట్టాడు. ఇప్పుడు జాతీయ ఉత్సవంలో ఎంతో గంభీరంగా జరిగే కవుల క్రతువు ఆ కల్పన నుంచి వచ్చిందే. అయినా అతను సేకరించిన జానపద గీతాల్ని పండితులు విలువైనవిగానే చూస్తారు. ఎడ్ల పాటలు ఆగిపోవడానికి మాత్రం యోలోకు గానీ చట్టానికి గానీ సంబంధం లేదు. ఎడ్ల స్థానంలో గుర్రాలొచ్చాయి, పొలాల పక్కన గనులొచ్చాయి. పనితో పుట్టిన పాట పనితోనే ఆగింది.

అదే గ్లమోర్గన్‌లో ‘మారి లూయిడ్’ కథ వేరు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో గుర్రం పుర్రెను కర్రకు బిగించి, తెల్ల దుప్పటి కప్పి, రంగు రిబ్బన్లు కట్టి ఇంటింటికీ తిప్పుతారు. దుప్పటి కిందున్న మనిషి పుర్రె దవడను టకటకలాడిస్తూ ఉంటాడు. గుంపు తలుపు ముందు నిలబడి లోపలికి రానివ్వమని పద్యంలో అడుగుతుంది. ఇంట్లోవాళ్లు మూసిన తలుపు వెనకనుంచి అదే రాగంలో పద్యంతోనే కాదంటారు. వీళ్ల గొంతు బాలేదని వాళ్లూ, వాళ్లు తాగుబోతులని వీళ్లూ ఆశువుగా తిట్టుకుంటారు. ఒక పక్షానికి పద్యం తట్టకపోయేదాకా ఇది సాగుతుంది. ఈ వాదాన్ని ‘పుంకో’ అంటారు. గెలిస్తే లోపల కేకు, బీరు.

1852లో విలియం రాబర్ట్స్ అనే బాప్టిస్ట్ బోధకుడు ఇదంతా చీకటి యుగాల మూఢత్వమని, దీన్ని పాతిపెట్టాలని ఒక పుస్తకం రాశాడు. ఆ తిట్టడంలో భాగంగానే ఇరవై పద్యాల్ని పూర్తిగా అచ్చువేశాడు. తర్వాతి తరాలు పాఠం దొరక్క వెతుక్కున్నప్పుడు ఆ పుస్తకమే పనికొచ్చింది. ఆచారాన్ని చంపాలనుకున్నవాడి పుస్తకమే దానికి పాఠ్యపుస్తకమైంది.

కానీ పుంకోను దెబ్బతీసింది బోధకుల కోపం ఒక్కటే కాదు. ఈ ఆటకు తలుపుకు రెండు వైపులా వెల్ష్ కావాలి, అదీ అప్పటికప్పుడు పద్యం అల్లగలిగినంత వెల్ష్. ఇంట్లోవాళ్లు ఇంగ్లిష్‌కు మారిపోతే జవాబిచ్చేవాడే ఉండడు. లాంగన్విద్ లాంటి ఒకటి రెండు చోట్ల ఆనవాయితీ తెగకుండా సాగింది. మిగతా చోట్ల ఇప్పుడు కనిపించేది చాలావరకు పునరుద్ధరణే. ఈమధ్య కాలంలో సరిహద్దు పట్టణం చెప్‌స్టోలో కూడా మారి లూయిడ్‌ను ఊరేగించారు. ఫొటోలకు గొప్పగా ఉంటుంది. పద్యాలు మాత్రం ఎక్కువసార్లు ముందే బట్టీ పట్టినవో కాగితం చూసి పాడేవో. పుర్రెకు భాష అక్కర్లేదు కాబట్టి పుర్రె తేలిగ్గా తిరిగొచ్చింది. పుంకోకు భాష కావాలి కాబట్టి అది ఇంకా పూర్తిగా రాలేదు.

ఇక చాపెల్, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చికి బయటి క్రైస్తవుల ప్రార్థనా మందిరం సంగతి. వేల్స్ పాట గురించి రాసేవాళ్లు దీన్ని సాధారణంగా పొగడ్తతో ముగిస్తారు. నిజానికి చాపెల్ ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చింది. 1735లో మొదలైన మెథడిస్ట్ ఉద్యమం జాతరల్ని, నాట్యాన్ని, సారా అంగడిలో మోగే హార్ప్ అనే తీగల వాద్యాన్నీ పాపం కింద లెక్కగట్టింది. దేశీయ సంగీతం కళ్లముందే అడుగంటుతోందని, దానికి కారణం ఈ బోధకులేనని ఎడ్వర్డ్ జోన్స్ అనే హార్ప్ విద్వాంసుడు 1802లోనే వాపోయాడు. అదే చాపెల్, దాని ఆదివారం బడి, సామాన్యులకు వెల్ష్ చదవడం నేర్పాయి. 1588లో విలియం మోర్గన్ అనువదించిన బైబిల్ అందుకు ఆధారమైంది. పాలన నుంచి గెంటేసిన భాషకు వారం వారం ఒక గౌరవమైన చోటు దొరికింది. పక్కనున్న కార్న్‌వాల్ ప్రాంతపు కార్నిష్ భాషకు బైబిల్ అనువాదం దక్కలేదు. ఆ భాష 18వ శతాబ్దం చివరికల్లా మాటల్లోంచి జారిపోయింది.

జానపద గీతాన్ని బయటికి నెట్టిన కీర్తనకారులే జాతర రాగాల్ని మాత్రం లోపలికి తెచ్చుకున్నారు. విలియమ్స్ పంతకెలిన్ వందల కీర్తనలు రాశాడు. మాంట్‌గోమరీషైర్‌లో దోల్వార్ ఫాచ్ అనే పల్లె ఇంట్లో పుట్టిన ఆన్ గ్రిఫిత్స్ 1805లో 29 ఏళ్లకే చనిపోయింది. ఆమె కీర్తనల్లో ఆమె చేతిరాతలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఇంట్లో పనిచేసిన రూత్ ఎవాన్స్ వాటిని నోటికి పట్టుకుంది, ఆమె భర్త జాన్ హ్యూస్ కాగితంమీద పెట్టాడు. వెల్ష్ భక్తి కవిత్వంలో శిఖరమని చెప్పుకునే రచన ఒక పనిమనిషి జ్ఞాపకంలో దాటొచ్చిందన్నమాట. చాపెల్ పాటను జానపదం నుంచి వేరుచేసి చూడడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ చాపెళ్లనుంచే బృందగానం వచ్చింది. స్వరాల్ని అక్షరాలతో రాసే టానిక్ సోల్‌ఫా పద్ధతి గని కార్మికుడికి కూడా నాలుగు గాత్రాల సంగీతం చదవడం నేర్పింది. 1872, 1873లో ‘కారాదోగ్’ నాయకత్వంలో దక్షిణ వేల్స్ మహాబృందం లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో బహుమతి గెలవడంతో ‘పాటల దేశం’ ముద్ర స్థిరపడింది. ఈ కీర్తి నిజమే, కానీ భాషతో దాని ముడి వదులు. ఆ బృందాలు పోటీపడింది ఎక్కువగా హ్యాండెల్, మెండెల్సన్ రచనల మీద. లోయల్లో భాష తగ్గిపోయాక కూడా మగవాళ్ల బృందాలు చెక్కుచెదరలేదు. అర్థం తెలియని సభ్యులు కూడా ఉచ్చారణ నేర్చుకుని వెల్ష్ పాట పాడగలరు. వినేవాడికి తేడా తెలియదు.

భాషను వదిలి రాగం ఎంత దూరం పోగలదో జాతీయ గీతమే చెబుతుంది. 1856లో పోంటిప్రిద్‌లో నేతపని చేసే ఎవాన్ జేమ్స్ మాటలు రాస్తే, కొడుకు జేమ్స్ జేమ్స్ రాగం కట్టాడు. పాత భాష నిలవాలన్న కోరికతో ఆ పాట ముగుస్తుంది. అదే రాగానికి ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో బ్రెటన్ మాటలు, కార్న్‌వాల్‌లో కార్నిష్ మాటలు కుదిరాయి. మన మేఘాలయలో ఖాసీల గీతం ‘రి ఖాసీ’ కూడా ఆ రాగమే. 1841లో వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ చిరపుంజికి వచ్చి ఖాసీ భాషకు రోమన్ లిపి కుదిర్చిన తర్వాతి కథలో అదొక భాగం. అక్కడ దాన్ని ఎవరూ వేల్స్ పాటగా పాడరు. రాగానికి సొంత భాష అంటూ ఉండదు.

పుంకోలాగే మాటను తీసేస్తే కుప్పకూలే పద్ధతులు ఇంకో రెండున్నాయి. వాటి ముందు బృందగానం కీర్తి కొంచెం పలుచబడుతుందనే చెప్పాలి.

ఒకటి మాంట్‌గోమరీషైర్ పల్లెల ‘ప్లగైన్’. ఒకప్పుడు క్రిస్మస్ నాడు కోడి కూసే వేళకు ముందే జరిగేది, ఇప్పుడు డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో ఒక్కో రోజు ఒక్కో చర్చిలో జరుగుతుంది. చిన్న ప్రార్థన అయ్యాక ప్లగైన్ మొదలైందని చెప్పి పాస్టర్ కూర్చుంటాడు. ఇక కార్యక్రమ పత్రం లేదు, పేర్లు పిలవరు, పరిచయం చేయరు. బెంచీలనుంచి ముగ్గురో నలుగురో లేచి ముందుకొస్తారు, ట్యూనింగ్ ఫోర్క్ చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి పట్టుకుంటారు, వాద్యం లేకుండా పాడతారు, వెళ్లి కూర్చుంటారు. చప్పట్లు ఉండవు. కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఇంకో గుంపు. అందరూ ఒకసారి పాడాక అదే వరసలో రెండో విడత. ఆ రాత్రి ఒకరు పాడిన క్యారల్ ఇంకొకరు పాడకూడదు. అందుకే అనుభవమున్న గుంపులు నాలుగైదు పాటలు చేతిలో పెట్టుకుని వస్తాయి. చివర్న ఆ రాత్రి పాడిన మగవాళ్లంతా కలిసి ‘భోజనం క్యారల్’ పాడతారు, ఆ తర్వాత నిజంగానే భోజనం పెడతారు.

ఈ క్యారల్స్‌లో నక్షత్రం, గొర్రెలకాపరులు, పసిబిడ్డ ఉండి అక్కడితో ఆగిపోవు. ఆదాము పతనం నుంచి సిలువ, పునరుత్థానం దాకా మొత్తం సిద్ధాంతం చరణం వెంట చరణంగా నడుస్తుంది. రాసింది 17, 18వ శతాబ్దాల పల్లె కవులు. మాటల్లో ప్రాసలు దట్టంగా ఉంటాయి, రాగాలు మాత్రం అప్పటి జాతర బల్లాడ్‌లవి. కుటుంబాలు చేతిరాత పుస్తకాల్లో ఈ పాటల్ని దాచుకున్నాయి, తాత పాడిన గాత్రాన్ని మనవడు అందుకున్నాడు. పది పదిహేను చరణాల వేదాంతాన్ని చప్పట్లు కూడా లేకుండా పాడడం వేదిక కోసం చేసే పని కాదు. వినేవాళ్లకు ప్రతి మాటా అర్థమవుతుందన్న నమ్మకం మీదే అది నిలుస్తుంది. ప్లగైన్ తెగకుండా నిలిచిన ప్రాంతం వెల్ష్ వాడుకలో ఉన్న కొండ పల్లెల ప్రాంతం కావడం కాకతాళీయం కాదు.

రెండోది ‘కెర్ద్ దాంట్’. హార్ప్ ఒక రాగం వాయిస్తుంది. గాయకుడు దాన్ని అనుసరించడు, అదే తాళంలో ఇంకో స్వరమార్గంలో కవిత చదివినట్టుగా పాడతాడు. హార్ప్ ముందు మొదలవుతుంది, గొంతు కాసేపాగి అందుకుంటుంది, రెండూ ఒకే చోట ముగియాలి. కవితలో ఏ అక్షరానికి ఊనిక ఉందో అది తాళంలో బలమైన దెబ్బమీద పడాలి. రాగం బాగుందని మాటను సాగదీస్తే తప్పు. అంటే ఇక్కడ యజమాని కవిత్వమే. పాతకాలంలో హార్ప్ వాయించేవాడు ఏ రాగం ఎత్తుకున్నా గాయకుడు దానికి తగ్గ పద్యాల్ని జ్ఞాపకంలోంచి తీసి అప్పటికప్పుడు అమర్చేవాడు. ఇప్పుడు ముందే కూర్చి, సాధన చేసి పాడతారు. 1934లో దీనికి ఒక సంఘం ఏర్పడింది, 1947 నుంచి ఏటా ఉత్సవం జరుగుతోంది. నియమాలు బిగుసుకుపోయి ఆశువు చచ్చిపోయిందన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయినా భాష రానివాళ్లు అనుకరించలేని గానం ఇదొక్కటే అనిపిస్తుంది.

ఆ హార్ప్ బతికిన తీరు కూడా చిత్రమే. మూడు వరసల తీగలుండే ‘ట్రిపుల్ హార్ప్’ ఇటలీలో పుట్టి, లండన్ మీదుగా వచ్చి వేల్స్ సొంతమైంది. భక్తులు దాన్ని దూరం పెట్టిన కాలంలో ఏబ్రమ్ వుడ్ వంశపు రోమానీ జిప్సీలు ఊరూరా వాయించారు. ఆ సంప్రదాయాన్ని అందుకున్న నాన్సీ రిచర్డ్స్ (1888–1979) దాన్ని 20వ శతాబ్దంలోకి దాటించింది. వెల్ష్ వారసత్వానికి గుర్తుగా చూపే వాద్యాన్ని కాపాడినవాళ్లలో సంచార కుటుంబాలు ముందుండడం దేశభక్తి ఉపన్యాసాల్లో అంతగా వినపడదు.

సేకరణలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. 1906లో జానపద గేయాల సంఘం పుట్టింది. దాని పత్రికను నడిపిన జాన్ లాయిడ్ విలియమ్స్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్త. ఫోనోగ్రాఫ్ మోసుకుని ఉత్తర వేల్స్ ఇళ్లచుట్టూ, నిరుపేదల్ని ఉంచే వర్క్‌హౌస్‌ల చుట్టూ తిరిగిన రూత్ హెర్బర్ట్ లూయిస్ లివర్‌పూల్‌లో పుట్టి, పెళ్లయ్యాక వెల్ష్ నేర్చుకున్న మనిషి. ఆమె తండ్రి డబ్ల్యూ.ఎస్. కెయిన్ భారత జాతీయ కాంగ్రెస్‌కు బ్రిటన్‌లో మద్దతిచ్చిన ఎంపీ. తర్వాతి తరంలో అమెరికాలో పుట్టిన ఫిలిస్ కినీ వెల్ష్ నేర్చుకుని, భర్త మెరెదిద్ ఎవాన్స్‌తో కలిసి ఈ సంగీతంమీద ప్రామాణికమైన పని చేసింది. పుట్టుకతో వచ్చినవాళ్లు పాడుతూ పోయారు. భాషను నేర్చుకుని వచ్చినవాళ్లలో కొందరు ఆ పాట పోతోందని గుర్తించి రాసుకున్నారు.

పాట భాషకు నేరుగా అక్కరకొచ్చింది మాత్రం 1960ల్లో. వెల్ష్ త్వరలోనే చచ్చిపోతుందని రచయిత సాండర్స్ లూయిస్ 1962లో రేడియో ప్రసంగంలో హెచ్చరించాడు. అదే ఏడాది భాషా ఉద్యమ సంఘం పుట్టింది. 1965లో ఇంగ్లండ్ నగరం లివర్‌పూల్ నీటి అవసరాలకోసం ట్రవెరిన్ లోయలో ఆనకట్ట కట్టి, వెల్ష్ మాట్లాడే కాపెల్ కెలిన్ అనే ఊరిని ముంచేశారు. 1969లో గాయకులు దావిద్ ఇవాన్, హ్యూ జోన్స్ మిత్రుడితో కలిసి ‘సైన్’ రికార్డు కంపెనీ పెట్టారు. దాని మొదటి రికార్డు ఆ మునక గురించే. కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని వెల్ష్‌లో కోపాన్ని, వేళాకోళాన్ని పాడడం కొత్త. అప్పటిదాకా ఆ భాష చాపెల్ భాష, పెద్దవాళ్ల భాష. పాట దాన్ని యువకుల భాష చేసింది. ఉద్యమం రాగాల దగ్గరే ఆగలేదు కూడా. వెల్ష్ టీవీ ఛానల్ కావాలని 1979లో పెన్‌కారెగ్ ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసిన ముగ్గురిలో పైన చెప్పిన మెరెదిద్ ఎవాన్స్ ఒకడు. అతను అంతకుముందు బీబీసీ వేల్స్‌లో వినోద విభాగం అధిపతి. ఛానల్ 1982లో వచ్చింది.

దావిద్ ఇవాన్ 1983లో రాసిన ‘అమా ఓ హీద్’ (‘ఇంకా ఇక్కడే’) 2022లో ఫుట్‌బాల్ జట్టు పాటైంది. 1958 తర్వాత తొలిసారి వేల్స్ ప్రపంచకప్‌కు అర్హత సాధించిన రోజు కార్డిఫ్ స్టేడియంలో ఆయనే స్వయంగా పాడాడు. వెల్ష్ రాని వేలమంది పల్లవిని నేర్చుకుని గొంతు కలిపారు. దీన్ని భాష గెలిచినట్టు లెక్కేయడం తొందరపాటే. పల్లవి రావడం భాష రావడం కాదు. అంతకంటే ఎక్కువ పని చేసిన నిర్ణయాన్ని జాతీయ ఐస్టెథ్‌వోడ్ (పైన చెప్పిన జాతీయ ఉత్సవం) 1950 నుంచి అమలు చేసింది: ఉత్సవమంతా వెల్ష్‌లోనే జరగాలని. ఏటా ఆగస్టులో ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన జరిగే ఆ వేదికమీద జానపద గీతం పోటీకి కూర్చునే పిల్లవాడు మైదానంలో ఐస్‌క్రీమ్ కొనుక్కోవడానికి కూడా వెల్ష్ వాడతాడు. పాటకు చుట్టూ మాట దొరికే చోటు అది.

2021 లెక్కలు భాష ఎటు కదులుతోందో చూపిస్తాయి. ఉత్తరాన గ్వినెద్‌లో ఇప్పటికీ 64 శాతం మంది వెల్ష్ మాట్లాడేవాళ్లే. కానీ భాషకు పాత కోట అయిన కార్మార్థెన్‌షైర్‌లో పదేళ్లలో 43.9 నుంచి 39.9కి పడిపోయింది. కార్డిఫ్‌లో మాత్రం 11.1 నుంచి 12.2 శాతానికి పెరిగింది. పల్లెలో తగ్గి నగరంలో పెరుగుతున్న భాష వెనకే పాట కూడా నడుస్తోంది. ప్లగైన్ ఇప్పుడు రాజధానిలో కూడా జరుగుతుంది. కార్డిఫ్ దగ్గరి సెయింట్ ఫాగన్స్ జానపద జీవన మ్యూజియం 1960ల నుంచి సేకరించిన టేపులు కొత్త గాయకులకు గురువులయ్యాయి. గాయని లైవెన్ స్టెఫాన్ ఆ టేపుల్లో, కీర్తనల పుస్తకాల్లోకి ఎక్కని భక్తి గీతాల్ని వెతికి పట్టుకుని చాపెళ్లలో పాడుతోంది.

గ్లమోర్గన్ త్రిబాన్లు కూడా మళ్లీ వినిపిస్తున్నాయి. పాడేవాళ్లలో వెల్ష్ మీడియం బడుల్లో చదివినవాళ్లు చాలామంది. వాళ్ల తాతల తరంలోనే ఇంట్లో భాష తెగిపోయింది. బడిలో వాళ్లకు వచ్చింది ప్రామాణిక వెల్ష్. పాటల్లో ఉన్నది గ్లమోర్గన్ యాస, దాన్ని పుట్టుకతో మాట్లాడేవాళ్లు దాదాపు కనుమరుగయ్యారు. కాబట్టి పాడేముందు వాళ్లకో నిర్ణయం తప్పదు. బడి ఉచ్చారణలో పాడితే ప్రాస అక్కడక్కడా తప్పుతుంది. టేపులోని ముసలాయన పలికినట్టే పలకాలంటే సొంత తాత యాసను పరాయి భాషలాగా కూర్చుని నేర్చుకోవాలి. కొందరు ఇప్పుడు ఆ రెండో పనే చేస్తున్నారు.